స్నానగృహ జీర్ణోద్ధారము



జీర్ణోద్ధార మనగానే మనకు దేవాలయము స్ఫురించును. మయమతము మొదలైన శిల్పగ్రంథములలో శిథిలాలయమును బాగుచేయు విధానమునకు ప్రత్యేకముగా నొక యధ్యాయము కలదు. జీర్ణమైనదానిని ఉద్ధరించుట వేఱు, ఉన్నదానిని పడగొట్టి క్రొత్తది నిర్మించుట వేఱు అను వివేకము ఆ పదమునందే యున్నది. గుడికి చెల్లు నీ వివేకమును ఇంటికి, అందును ఇంటిలో నెల్ల చిన్నదియు, దినదినము ఎల్లరును ప్రవేశించునదియు నైన స్నానపుగదికి అన్వయించి చూతమని నేటి ప్రసంగమునకు పూనుకొంటిని.

ఈ ప్రశ్న చిన్నది కాదు. ముప్పదియో నలువదియో యేండ్ల క్రిందట దొడ్డిలో నాపరాళ్లు పఱచి కట్టించిన గది నేడు చెమ్మగిల్లి, నేల బీటలువాఱి, తూము పూడి యుండును. పట్టణమునుండి సెలవులకు వచ్చిన కుమారుడు దానిని మొదలంట తీసివేసి క్రొత్తది కట్టింతమనును. తండ్రి, మీరందఱును ఇందులో నీళ్లు పోసికొనియే పెద్దవారైతిరి గదా, కాస్త సిమెంటు పూసిన చాలుననును. ఒకరికి ఖర్చు లెక్కలేదు. మఱియొకరికి ఖర్చు తప్ప వేఱు లెక్కలేదు. ఆ గదిని తోమి కడుగు నిల్లాలిని గాని, రాత్రివేళ గోడ తడవికొనుచు అందులోనికి నడచు ముసలమ్మను గాని అడిగినవారు లేరు. ఎంతమేరకు బాగుచేయవలయునను ఈ తగవునకు చరిత్ర మంచి మధ్యవర్తి. రాజుల యుద్ధములు మాత్రమే చరిత్ర కాదు. నీరు ఇంటిలోని కెట్లు వచ్చెనో, వెలికి ఎట్లు పోయెనో, అదియును చరిత్రయే.

మొదట మన మాటలనే చూతము. స్నానమునకు తెలుగున ఎన్ని మాటలు! జలకము, తలంటు, నలుగు, పురిటినీళ్లు, మంగళస్నానము. పల్లెలో నైనచో నీళ్లు పోసికొనుట. ఇన్ని మాటలుండియు, స్నానము చేయు గదికి మాత్రము మన పల్లెలలో అచ్చమైన పాతమాట యరుదు. ఏలయన సామాన్యుల ఇండ్లలో ఆ గదియే లేదు. పురుషులకు బావిగట్టు, కాలువరేవు, చెఱువు. పెండ్లికుమారునకు వాకిట పీట. స్త్రీలకు దొడ్డిలో తాటాకు తడికల చాటు. మఱుగుదొడ్డి యను మాటను విప్పి చూడుడు. మఱుగనగా చాటు, దొడ్డి యనగా పెరడు. కప్పు లేకున్నను, తూము లేకున్నను, చాటొకటి యుండవలయునని మొదట కోరబడినట్లు ఆ మాటయే చెప్పుచున్నది. చీకటితోనే లేచి, తెల్లవాఱకమునుపే పని ముగించుకొనవలసిన ఆడువారి బాధ ఆ మాటలో దాగియున్నది. కావున ఈ గదికి మొదటి ప్రయోజనము సొగసు కాదు, మర్యాద.

ఇక గదియే గలిగిన ప్రాచీనుల యొద్దకు పోదము. సింధునదీ తీరమున మొహెంజొదారో యను పట్టణము సుమారు 4,500 ఏండ్ల నాటిది. 1922 ప్రాంతమున త్రవ్వకము లారంభము కాగా, 1924లో సర్ జాన్ మార్షల్ ఆ నాగరకతను లోకమునకు ప్రకటించెను. అచ్చటి మహాస్నానవాటిక ప్రసిద్ధము. దాని పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు, లోతు 2.4 మీటర్లు. కాల్చిన ఇటుకలను సందులేకుండ పేర్చి, నీరు ఊటబాఱకుండ గోడ వెనుక భూమిలో దొఱకు తారు పూత పూసిరి. దీనిని అందఱును కొనియాడుదురు. కాని మన ప్రశ్నకు అక్కఱకు వచ్చునది ఈ వాటిక కాదు, సామాన్యుల ఇండ్లు. అందు పెక్కింట ఒక మూల స్నానపు తిన్నె యుండెను. దాని ఇటుకలు దగ్గఱదగ్గఱగా పొదుగబడి, ఒక మూలకు వాలుగా నుండెను. ఆ మూలనుండి గోడలోని తూము ద్వారా నీరు వీథికాలువకు పోవును. వీథికాలువకు ఇటుకలతోనో రాళ్లతోనో మూత. నడుమనడుమ మడ్డి దిగుటకు గుంటలు, వానిని తీసి శుభ్రపఱచుటకు వీలు. నీరు త్వరగా వెలికి పోవుటకై స్నానపుగదిని తఱచుగా వీథివైపు గోడకే ఆనించి కట్టిరి.

ఆ పట్టణమువారు తరతరములు ఇండ్లను మఱల మఱల కట్టుకొనిరి. నేలమట్టము పెరిగినకొలది బావుల ఒరలను పైకి పెంచుచు పోయిరి. నేడు త్రవ్వి చూడగా ఆ బావులు బురుజులవలె నిలిచియున్నవి. అనగా గోడలు మాఱినను బావిని విడువలేదు. కాని చివరి దశకు వచ్చుసరికి కాలువల పోషణ సడలినదని త్రవ్వకములు తెలుపుచున్నవి. ఇల్లు బాగుగనున్నదో లేదో చెప్పవలెనన్న గోడను చూడకుము, కాలువను చూడుము అని ఈ మృతనగరము మనకు బోధించుచున్నది.

సామాన్యుల ఇండ్లను విడిచి రాజుల మజ్జనశాలలను చూచినను ఈ మాటయే స్థిరపడును. కల్యాణి చాళుక్యరాజగు సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున రాజభోగములలో స్నానభోగము నొకటిగా వర్ణించెను. విజయనగరమున రాణిగారి స్నానశాల యని పిలువబడు కట్టడము నేటికిని హంపిలో కలదు. వెలుపల చూడ సాదాగోడ. లోపల చుట్టును వసారా, గచ్చుపని చేసిన గవాక్షములు, నడుమ సుమారు 15 మీటర్ల చదరపు కొలను. 1565లో రాక్షసితంగడి యుద్ధమునకు పిమ్మట నగరము పాడువడెను. గోడలు నిలిచినవి, గవాక్షములు నిలిచినవి, కొలను ఎండినది. అదే నగరమునకు రాజులు త్రవ్వించిన పంటకాలువలు కొన్ని మాత్రము, రైతులు విడువక పూడిక తీసికొనుచు వచ్చుటచేత, నేటికిని పాఱుచున్నవి. సొగసు పోషణలేక నిరుపయోగమైనది. పోషణగల కాలువ నాలుగువందల యేండ్లకు పైగా బ్రదికినది.

బాగుచేయుటలో గల యపాయమునకు గోలకొండ సాక్షి. కుతుబ్షాహీ రాజులు నీటిని మెట్టమీదికి దశలుగా తోడించి, కాల్చిన మట్టిగొట్టములను గచ్చులో పొదిగి కోటయందంతట పంచిరి. వారి సమాధుల తోటలో మృతులైన రాజవంశీయులకు స్నానము చేయించు హమాము కలదు. ఇరువదవ శతాబ్దమున ఆ సమాధుల తోటలోని కట్టడములకు పలుచోట్ల సిమెంటు పూసిరి. ఉద్దేశము మంచిదే. కాని సున్నపుగోడ ఊపిరి పీల్చుగోడ. లోని తేమ సున్నములోనుండి మెల్లగా వెలికి పోవును. పైన సిమెంటు మూత పెట్టిన ఆ తేమ లోననే చిక్కి గోడను తినును. 2013లో ఆరంభమైన జీర్ణోద్ధారమున ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థవారు పురావస్తుశాఖతో గూడి ఆ సిమెంటును ఒలిచివేయించి, మఱల సున్నపు గచ్చుతో పనిచేయించిరి. ఒక వైపు కూలియున్న పెద్దబావిని గూడ నిలువబెట్టిరి. అచ్చటి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారము వచ్చినది. డంగుసున్నముతో కట్టిన తాతలనాటి ఇల్లు గలవారు ఈ పాఠమును గుర్తుంచుకొనవలెను. పాతగోడకు సిమెంటు పూసి, మఱునాటికి మెఱయుచున్నదని సంతోషించిన, మూడేండ్లకు ఆ పూత బొబ్బలెత్తి రాలును. దానితో గోడపొరయు రాలును.

ఇంతవరకు స్నానపునీటి కథ. మనకాలపు గదిలో రెండవ నీరొకటి చేరినది. పూర్వము దొడ్డిచివర దూరముగా నుండిన మఱుగుదొడ్డి నేడు స్నానపుగదితో ఏకమైనది. ఇది పట్టణములనుండి వచ్చిన మార్పు. 1775లో లండనులో గడియారములు చేయు అలెగ్జాండరు కమ్మింగను నతడు మఱుగుదొడ్డి గొట్టమును పామువలె వంచి, ఆ వంపులో కొంచెము నీరు నిలుచునట్లు చేసి, దానికి హక్కుపత్రము పొందెను. నిలిచిన ఆ నీరే మూతయై క్రిందినుండి దుర్గంధము పైకి రాకుండ ఆపును. ఈ చిన్నవంపు లేకున్న మఱుగుదొడ్డి ఇంటిలోనికి వచ్చియుండెడిది కాదు. మన ప్రాంతమున చూడగా, 1908 నాటి మూసీ వరదకు పిమ్మట ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియై హైదరాబాదునకు నీటిసరఫరా పెరిగినది. ఇంటిలోనికి కొళాయి వచ్చినచోట స్నానమును ఇంటిలోనికి వచ్చును. పల్లెలకు విద్యుత్తు, మోటారు, మిద్దెమీది తొట్టి వచ్చిన తఱువాత ఆ మార్పు మనయొద్దకు వచ్చినది.

రెండవ నీరు వచ్చుటతో ప్రమాదమును వచ్చినది. 1854లో లండనులోని బ్రాడ్ వీథిలో గత్తర చెలరేగి ఆఱువందలమందికి పైగా మరణించిరి. జాన్ స్నో అను వైద్యుడు చచ్చినవారి ఇండ్లను లెక్కించి, వారెక్కువగా ఒకే బోరింగు నీరు త్రాగినట్లు కనుగొని, దాని పిడి తీయించెను. తఱువాత పరీక్షింపగా, ప్రక్కయింటి పాయిఖానాగుంట ఆ బావికి మూడడుగుల లోపలనే యుండెను. దాని ఇటుకగోడ పుచ్చియుండెను. ఆ యింట నొక పసిబిడ్డకు విరేచనములు కాగా తల్లి ఆ గుడ్డ లుతికిన నీటిని ఆ గుంటలోనే పోసినది. పుచ్చిన నాలుగిటుకల వరుస వీథినంతయు స్మశానము చేసినది. ఆ యింటి ముందుగది ఎంత సొగసుగ నుండినను ఏమి ప్రయోజనము?

మన దేశమున మఱియొక పాపము గూడ ఈ గుంటతో ముడిపడి యున్నది. మలమును మనుష్యునిచేత ఎత్తించు దురాచారమును 1993లో నొకసారి, 2013లో మఱింత కఠినముగా చట్టము నిషేధించినది. 1970లో సులభ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ రెండుగుంటల మఱుగుదొడ్డిని ప్రచారము చేసెను. ఒక గుంట నిండగనే దానిని మూసి రెండవదానిని వాడుదురు. మొదటిదానిలోనిది ఏడాది రెండేండ్లలో వాసనలేని ఎరువగును. ఎవనిని దానిలోనికి దింపవలసిన పని లేదు. జీర్ణోద్ధారము చేయువారు పాత గుంట సంగతి తేల్చుకొనకుండ పైన పలకలు పఱచుకొనుట యనగా, ఏనాటికో ఒక పేదవానిని ప్రాణాపాయములోనికి దింపుటకు ఇపుడే ఏర్పాటు చేయుట.

ఇపుడు మన తగవునకు వత్తము. బాగుచేయుటలో మూడంతరములు కలవు. పైపూత వేయుట మొదటిది. దీనిని లేపన మందము. చెడిన అంగమును తీసి మఱల కట్టుట రెండవది. ఇదియే నిజమైన ఉద్ధారము. పడగొట్టి కట్టుట మూడవది; అది నవనిర్మాణము. ఏది తగునో తండ్రియు కుమారుడును వాదించి తేల్చునది కాదు. నీటిని అడిగిన నీరే చెప్పును.

తూమును గుడ్డతో బిగించి, గది నేలమీద రెండంగుళముల నీరు నిలిపి, గోడమీద గీత గీసి, ఒక దినము విడిచి చూడుడు. నీటిమట్టము ఆవిరికి పోవుదానికంటె స్పష్టముగా తగ్గినను, గోడకు ఆవలివైపున చెమ్మ కనబడినను, నేల నీటిని త్రాగుచున్నదని యర్థము. తఱువాత తూము విప్పుడు. నీరంతయు పోవలెను. మడుగులు నిలిచిన వాలు చెడినది. అడుగునకు పావంగుళము వాలుండుట మేస్త్రీల వాడుక. పిమ్మట బయటికి పోయి ఆ నీరెచ్చటికి చేరుచున్నదో చూడుడు. బావికి, బోరునకు గుంట కనీసము పది మీటర్ల దూరమైన నుండవలెను. ఇసుకనేలయైన ఇంకను దూరము మేలు.

ఈ మూడు పరీక్షలందును గది నెగ్గినచో లేపనము చాలును. తండ్రి మాటయే నిజము. పగిలిన సందులు పూడ్చి, సున్నము వేసి, డబ్బు మిగుల్చుకొనవచ్చును. నేల నీరు త్రాగినను, వాలు చెడినను ఉద్ధారము కావలెను. అపుడు పాతపలకలపై క్రొత్తపలకలు అతికించుట దండుగ. పునాదిమట్టువఱకు నేల తీసి, వాలు సరిచేసి, నీరు దిగని పూత గోడలకు గూడ కొంత ఎత్తువఱకు ఎక్కించి, పలకలు వేయకమునుపే మఱల నీరు నిలిపి పరీక్షింపవలెను. మేస్త్రీ తొందరపడును, మీరు పడకుడు. పునాది క్రుంగినను, కప్పులోని ఇనుము త్రుప్పుపట్టి పెచ్చులూడినను, గుంట బావిని ఆనుకొని యున్నను నవనిర్మాణము తప్పదు. అపుడు కుమారుని మాటయే నిజము. స్థలమును గూడ మార్పవలసి యుండవచ్చును.

నేనెఱిగిన యొక యింట, గోడలకు కప్పువఱకు మెఱుగుపలకలు వేయించిరి. ఊరివారు చూచి వచ్చిరి. తూమును మాత్రము పాతదానినే యుంచిరి. మొదటి వానలకే వీథికాలువ నిండి, దొడ్డినీరు ఆ మెఱుగు నేలమీదికి వెనుకకు తన్నినది. మూడు నెలలకు పూర్వము వేసిన పలకలను పగులగొట్టి గొట్టము వేయింపవలసి వచ్చినది. ఒక పనికి రెండు వెలలు.

ఇక డబ్బు చాలనివారు ఏ వరుసలో పోవలెను? నీరు పోవు త్రోవ మొదట. నేల రెండవది. మనిషికి ఆనిక మూడవది. వెలుతురును గాలియు నాలుగవది. నీరు వచ్చు కొళాయిలు, వేడినీటి పరికరము ఐదవది. గోడల సొగసు కడపటిది. సొమ్ము తఱిగినపుడు చివరినుండి తగ్గించుకొనుచు రావలెను గాని మొదటినుండి కాదు. అంగడిలో మనకు మొదట చూపబడునది చివరిదే యగుటచేత ఇది చెప్పవలసి వచ్చినది.

మనిషికి ఆనిక యంటిని. అది మన వయసువారి విషయము గనుక కొంచెము విడమర్చెదను. తడినేల మీద జాఱి తుంటియెముక విఱిగిన ముసలివారిని మీరందఱును ఎఱుగుదురు. కొందఱు మఱల లేచి నడచిరి. కొందఱు మంచము దిగలేదు. పూర్వపు నాపరాయి గరుకుగ నుండి పాదమును పట్టుకొనెడిది. నేటి మెఱుగుపలక సబ్బునీరు పడగనే అద్దమగును. కావున నేలకు గరుకుపలకనే అడుగుడు. గోడకు చేతికడ్డీ వేయించునపుడు అది పలకలోకాక ఇటుకలో పాతుకొనునట్లు చూడుడు. ఎత్తైన గడపను తగ్గింపుడు. తలుపు వెలుపలికి తెఱచుకొనవలెను; లోన పడినవారు తలుపునకు అడ్డమైన, లోపలికి తెఱచు తలుపు తెఱవరాదు. దీపపు మీట గది వెలుపల నుండవలెను. ఎత్తుపీట మీద కూర్చుండి స్నానము చేయుట నామోషీ కాదు. వీనికన్నిటికిని అగు వ్యయము, గోడల మెఱుగుపలకలకగు వ్యయములో కొద్దిభాగమే. అయినను, నాకేమి, నేనింకెన్నాళ్లుందును అని పెద్దలు అడుగుటకు సంకోచింతురు. అడుగుడు. నేడు మీకు వేసిన కడ్డీ రేపు బాలింతకు, ఎల్లుండి మీ కుమారునకు ఆసరా యగును.

కడపట నొక చిన్నమాట. స్నానపునీటిని, మఱుగుదొడ్డినీటిని ఒకే గొట్టములో కలుపకుడు. మన దొడ్లలో జలకపునీరు అరటిబోదెకు, కందకు, చేమకు పోయెడిది. ఆ త్రోవ మంచిదే. చోటులేనివారు ఇంకుడుగుంట త్రవ్వుకొనవచ్చును. రెండవ నీరు మాత్రము తన గుంటకే పోవలెను.

కావున ఇంటిలో నీ తగవు పుట్టినపుడు, పెద్దలు మొదట ఖర్చు మాట యెత్తక, ఒక బిందె నీరు తెప్పించి నేలమీద పోయించి చూడుడు. అది ఎచ్చట నిలిచెనో అచ్చటివఱకు త్రవ్వింపుడు; ఎచ్చట నిలువలేదో అచ్చట ఆపుడు. ఆ గదిని నిత్యము కడుగు నిల్లాలి మాట విని, పిదప మేస్త్రీని పిలువుడు.